ఖాలా వేసిన కొసరు

మొన్న హైవే మీద కొత్తగా తెరిచిన పెద్ద దుకాణానికి నా కూతురు నన్ను తీసుకుపోయింది. లోపల చల్లగా ఉంది. మసాలాల వరస దగ్గర ఒక అమ్మాయి పళ్లెం పట్టుకుని నిలబడింది. పళ్లెంలో ఖర్జూర పండ్లు, గింజ తీసి మధ్యలో బాదం పలుకు పెట్టినవి. "తీసుకోండి ఆంటీ, ఫ్రీ" అంది. నా కూతురు రెండు తీసుకుని నోట్లో వేసుకుంది. నా చెయ్యి సగం దాకా పోయి ఆగిపోయింది. ఊరికే ఎందుకు ఇస్తోంది, దీని వెనక ఏముంది అని మనసు అడిగింది. పండు ముట్టకుండానే ముందుకు నడిచాను.

ఆ చెయ్యి నాది కాదు, మా అవ్వది. నాయినను కన్న తల్లి. ఆమె పెంపకంలో పెరిగినవాళ్లకు ఉచితం అన్న మాట వినగానే ఆకలి చచ్చిపోతుంది.

మా ఇల్లు చౌటుప్పల్ దగ్గర, పట్నం పోయే రోడ్డు పక్కనున్న ఊళ్లో ఉండేది. మాది నేతపని ఇల్లు. ముందు రెండు గదులు, తర్వాత చిన్న పెరడు, పెరడు దాటితే మగ్గాల కొట్టం. కొట్టంలో రెండు గుంట మగ్గాలు. ఒకదాని మీద నాయిన నేసేవాడు. రెండోది మా తాతది. ఆయన పోయాక దాని మీద రంగు అద్దిన నూలు ఆరేసేవాళ్లం. గంజి వాసన, రంగుల వాసన, నాయిన బీడీ వాసన కలిసి ఆ కొట్టానిది ఒక వాసన ఉండేది. దాని గోడలు మా ఇంటి గోడల కన్నా మందం. మా ఇంట్లో గూళ్లు చదరంగా ఉంటే కొట్టంలో ఉన్న ఒక్క గూడు మాత్రం పైన మొనదేలి ఉండేది. నాయిన అందులో బీడీల కట్ట, అగ్గిపెట్టె పెట్టుకునేవాడు. నేను పుట్టినప్పటి నుంచీ అది అట్లాగే ఉంది కాబట్టి ఎందుకట్లా ఉందని ఎన్నడూ అడగలేదు.

అవ్వ పొద్దంతా రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టేది. చుడుతూనే ఇంట్లోకి వచ్చే ప్రతి వస్తువునూ విచారించేది. మిరియాలు తెస్తే చెంబు నీళ్లలో వేసేది. తేలినవి బొప్పాయి గింజలని ఏరి పక్కన పెట్టేది. చాయపత్తా తడిగుడ్డ మీద చల్లి రంగు దిగుతుందేమో చూసేది. నెయ్యిని అరచేతిలో రుద్ది వాసన చూసి, మా అమ్మ చేతిలో కూడా రుద్ది వాసన చూసేది. ఇక తూకం సంగతి చెప్పక్కర్లేదు. కోమటి దుకాణం నుంచి ఏ పొట్లం వచ్చినా నూలు తూచే త్రాసులో మళ్లీ తూగాల్సిందే. ఏ కాస్త తగ్గినా నన్ను వాపసు పంపేది. సేటు ముందు నిలబడి "మా అవ్వ తక్కువున్నదంటాంది" అని చెప్పేసరికి నా తల నేలకు వంగేది. పంచదారలో నూక, కారంలో ఇటుకపొడి, మనిషిలో మోసం ఉండి తీరుతాయని అవ్వ నమ్మకం. నమ్మకమంటూ ఆమెకు ఉన్నది అదొక్కటే.

అట్లాంటి రోజుల్లో మా గల్లీ మొగదల ఉన్న ములిగీని, అంటే రోడ్డు పక్క ఒంటిగదిని, ఒక ముస్లిం ఆమె కిరాయికి తీసుకుని దుకాణం పెట్టింది. నలభై ఏళ్లుంటాయి. సన్నగా, పొడుగ్గా, తెల్ల చున్నీ తల మీదుగా వేసుకుని ఉండేది. పట్నం నుంచి వచ్చిందన్నారు. భర్త పోయాడని, పిల్లలు లేరని అన్నారు. వేపచెట్టు కింది సైకిల్ దుకాణం పిల్లలు ఆమెను ఖాలా అని పిలిచేవాళ్లు. ఖాలా అంటే చిన్నమ్మ. వాళ్లను చూసి మేమూ ఖాలా అన్నాం.

ఆమె దుకాణంలో బియ్యం, పప్పు, ఉప్పు దొరకవు. ఊళ్లో ఎక్కడా దొరకనివే ఆమె దగ్గర ఉండేవి. వారానికోసారి మొదటి బస్సుకు పట్నం పోయి, మధ్యాహ్నానికి రెండు చేతుల నిండా సంచులతో దిగేది. షాజీర, రాతిపువ్వు, సబ్జ గింజలు, గులాబీ షర్బత్ సీసాలు, జుట్టులాంటి సన్న సేమియాలు, ముద్దలుగా అతుక్కున్న ఖర్జూరాలు. బేకరీలలో విరిగిపోయిన బిస్కెట్లు గోనెసంచీతో తెచ్చేది. వాటిని చూర బిస్కెట్లు అనేవాళ్లం. ఉస్మానియా, నాన్‌ఖటాయి, ఉప్పు బిస్కెట్టు అన్నీ కలిసిపోయి, ఏ ముక్క ఏ రుచి ఇస్తుందో నోట్లో వేసుకునేదాకా తెలిసేది కాదు. పలుకులైన జీడిపప్పు, పగిలిన బాదం. అన్నీ విరిగినవే, అందుకే అన్నీ అగ్గువ. నాకన్నిట్లోకీ ఎక్కువ ఇష్టం ఖుబానీ. ఎండిన ఆ పండు చప్పరించి, లోపలి గింజను రాయితో పగలగొడితే బాదంలాంటి చిన్న పప్పు దొరికేది. ఒక పండు కొంటే రెండు తిన్నట్టు ఉండేది.

మా అమ్మకు ఆ దుకాణం ప్రాణమైపోయింది. పెళ్లయినప్పటి నుంచీ అవ్వ పరీక్షలు దాటిన సరుకే తిన్న మనిషి. ఖాలా దగ్గర నిలబడి ఏలకులు వాసన చూస్తుంటే ఆమె ముఖం మారిపోయేది. పండుగ లేకున్నా సేమియా పాయసం చేసేది. అవ్వ ఆ సేమియాలను నీళ్లలో నానబెట్టి, విరిచి, వెలుగులో పెట్టి చూసింది. తప్పు దొరకలేదు. తప్పు దొరకకపోవడమే ఆమెకు మొదటి అనుమానం.

రెండో అనుమానం కొసరు దగ్గర మొదలైంది. ఖాలా తూచడం అయ్యాక, ఎవరికైనా పిడికెడు కొసరు వేసేది. మాకు మాత్రం రెండు పిడికెళ్లు వేసేది. నేను పిల్లను కనుక నా మీద ముద్దు కొద్దీ వేస్తోందనుకున్నాను. అవ్వ త్రాసు అట్లా అనుకోలేదు. ఒకరోజు ఆమె పక్కింటి పిల్లకు పైసలిచ్చి చూర బిస్కెట్లు తెమ్మంది, నాకూ అంతే ఇచ్చి అవే తెమ్మంది. రెండు పొట్లాలనూ చెరో తట్టలో పెట్టింది. నా పొట్లం ఉన్న తట్ట టక్కున కిందికి పోయింది. అవ్వ దాన్ని చాలాసేపు చూసింది. తక్కువ తూగినప్పుడు కూడా ఎన్నడూ లేనంత భయం ఆమె ముఖంలో కనిపించింది.

"మనకే ఎందుకు ఎక్కువ పెడ్తాంది?" అని నన్నడిగింది.

ఆ రోజు నుంచి దుకాణానికి పోవద్దని హుకుం అయింది. అమ్మ సరేనని, నా చేత దొంగతనంగా తెప్పించేది. నేను కొసరు బిస్కెట్లను కొట్టం వెనక కూర్చుని తిని, మూతి తుడుచుకుని వచ్చేదాన్ని. కాని అవ్వ మాటలు నా కడుపులో కూడా చేరాయి. తింటూ తింటూ ఆగి, ఇందులో ఏమన్నా కలిపిందేమోనని నాలుకతో వెతికేదాన్ని. ఏమీ దొరకకపోయినా తినేదాన్ని, తిన్నాక మళ్లీ భయపడేదాన్ని. ఖాలా నన్ను చూసి నవ్వితే ఎందుకు నవ్విందని ఆలోచించేదాన్ని. ఆమె దుకాణం ముందు నిలబడి తరచూ మా ఇంటి వెనక దిక్కు చూడటం నేను కనిపెట్టాను.

ఒక మధ్యాహ్నం పొట్లం కడుతూ ఆమె ఊరికే అడిగినట్టు అడిగింది. "బిడ్డా, మీ ఇంటెన్క రేగుచెట్టొకటుండె. ఉన్నదా?"

మా పెరట్లో రేగుచెట్టు లేదు. ఆ మాటే చెప్పి ఇంటికొచ్చాను. గొప్ప వార్త మోసుకొచ్చినట్టు అవ్వకు కూడా చెప్పేశాను. రాట్నం ఆగింది. అవ్వ చేతిలోని పోగు తెగిపోయినా ముడివేయలేదు. రేగుచెట్టు అన్నదా, ఆ మాటే అన్నదా అని మళ్లీ మళ్లీ అడిగింది. ఆ సాయంత్రం నుంచి కొట్టం వెనక తలుపుకు గొలుసు పడింది. అవ్వ తన మంచం కొట్టంలోకి మార్చుకుంది. వెనక గోడ ఇంకా ఎత్తు లేపమని నాయినను పోరింది. నాయిన నవ్వి, మగ్గం మీద నుంచి లేవలేదు.

ఆ తర్వాత అవ్వ చేసిన పని మాత్రం నవ్వులాట కాదు. పొద్దున బోరింగు దగ్గర ఆడవాళ్లు బిందెలతో వరస కట్టినప్పుడు ఆమె కూడా పోయి నిలబడేది. ఖాలా మీద ఒక్క అబద్ధం చెప్పలేదు. ఉత్త ప్రశ్నలే వేసింది. గంత అగ్గువకు ఎట్లిస్తాందో ఎవలన్నా అడిగిన్రా అంది. విరిగిన బిస్కెట్లు ఎవరి నోట్లో నుంచి విరిగినయో చూసిన్రా అంది. అంతే చాలింది. అందరికీ తూకం మీద అవ్వ మాటంటే గురి. అదే వారం ఎవరి పిల్లకో కడుపునొప్పి వచ్చింది. అది జామకాయలు తిని వచ్చిందో, ఎందుకు వచ్చిందో ఎవరూ చూడలేదు. ఖాలా దుకాణం ముందు మనిషి నీడ పడటం తగ్గింది. బిస్కెట్ల గోనెసంచి నోరు కట్టి ఉండేది. పట్నం పోవడం కూడా ఆమె మానుకుంది.

రంజాన్ నెల అట్లాగే గడిచింది. పండుగ రోజు మధ్యాహ్నం ఖాలా స్టీలు డబ్బాలో షీర్ ఖుర్మా పోసి, సైకిల్ దుకాణం పిల్లవాడితో మా ఇంటికి పంపింది. పాలు, సేమియా, ఖర్జూరం, బాదం, నెయ్యి, అన్నీ కలిసిన వాసన మూత తీయకముందే ఇల్లంతా నిండింది. అమ్మ చేతులు చాపింది. అవ్వ అడ్డం వచ్చి డబ్బాను బయట అరుగు మీదే పెట్టించింది. ఎవరూ ముట్టవద్దంది. అమ్మ లోపలికి పోయి పొయ్యి ముందు కూర్చుని కళ్లు తుడుచుకుంది. నేను గడపలో కూర్చుని ఆ డబ్బాను చూస్తూ ఉండిపోయాను. ఒక కాకి వచ్చి మూత మీద వాలి, పొడిచి పొడిచి దాన్ని కింద పడేసింది. పైన మీగడ కట్టింది. చీమలు పట్టాయి.

పొద్దు వాలేవేళ ఖాలా డబ్బా కోసం తనే వచ్చింది. కొత్త బట్టల్లో ఉంది. అరుగు మీద డబ్బాను, చీమలను చూసింది. డబ్బా చేతిలోకి తీసుకుంది. వెళ్లిపోయేదే. అవ్వే గడపలోకి వచ్చి ఆపింది.

"దాపుడెందుకు, సీదా చెప్పు. జాగా కోసమే వచ్చినవు గద?"

ఖాలా డబ్బాను మళ్లీ కింద పెట్టి, అరుగు అంచున కూర్చుంది. "గుర్తు పట్టినవా పెద్దమ్మా" అంది.

"రేగుచెట్టు అడిగిన నాడే పట్టిన. నీది మీ అమ్మ మొకమే."

అప్పుడు తెలిసింది నాకు. మా కొట్టం ఒకప్పుడు ఖాలా వాళ్ల ఇల్లు. నిజాం రాజ్యం పోయిన ఏడు, ఊళ్లలో ముస్లింల ఇళ్లు భయంతో ఖాళీ అయ్యాయి. పెద్దవాళ్లు దాన్ని గడబిడ అనేవాళ్లు, అంతకు మించి చెప్పేవాళ్లు కాదు. అప్పుడు ఖాలాకు ఆరేళ్లు. తండ్రి అంతకుముందే పోయాడు. తల్లి పిల్లలను తీసుకుని బండి మీద పట్నం పోతూ, ఆ ఇల్లు మా తాతకు అమ్మింది. ఒక బస్తా జొన్నలకు.

"జాగా మీద ఆశ లేదంటే అబద్ధమైతది. పుట్టిన జాగా" అంది ఖాలా. "గాని అడగనీకె రాలే. అమ్మినదాన్ని ఎట్ల అడుగుత? మా ఆయన పోయినంక ఏడికి పోవాల్నో తెల్వలే. నాకు ఎరుకైన ఊరు గిదొక్కటే."

"మరి కొసరెందుకు? అందరికొక తీరు, మాకొక తీరు."

"అమ్మ చెప్పింది. గప్పుడు ఊర్ల ఎవ్వలు తలుపు తియ్యలేదంట. మీ ఇంటాయన ఒక్కడే తీసి బస్తా జొన్నలు బండిల ఏసిండంట. పట్నం పోయినంక గూడ అవే తిన్నం. ఆ ఇంటోల్లకు ఏమిచ్చినా చెయ్యి బిగవట్టొద్దని సచ్చేదాక చెప్పింది."

మగ్గం చప్పుడు ఆగిపోయింది. నాయిన వచ్చి మా వెనక నిలబడ్డాడు. అవ్వ తలుపు రెక్క పట్టుకుని గడప మీద కూర్చుంది.

"బస్తా గాదు" అంది. "సగమే."

ఖాలా ఆమె వైపు చూసింది.

"ఆయన బస్తానే అన్నడు. బండి కట్టియ్య పోయినప్పుడు నేను సగం గుమ్మిల పోసుకున్న. అడుగుకు పొట్టు నింపి మీద జొన్నలు పోసిన. నాకు సంకల పసిపిల్లగాడు" అని నాయిన వైపు చెయ్యి చూపింది. "ఏం తిందుమో అని భయం. ఆయనకు తెల్వదు. మీ అమ్మకు బస్తా ఇప్పినప్పుడే తెలిసుంటది."

నాయిన తన తల్లిని కొత్త మనిషిని చూసినట్టు చూస్తున్నాడు.

"మాకు బస్తా అనే చెప్పింది" అంది ఖాలా చివరికి. "ఎన్నడు సగమనలే." ఆ మాట అవ్వతో కాక తనతోనే అన్నట్టుంది. చున్నీ సర్దుకుని లేచి, లోపల ఒకసారి చూడొచ్చా అని అడిగింది.

నాయినే ముందు నడిచాడు. వెనక తలుపు గొలుసు తీశాడు. ఖాలా చెప్పులు విడిచి కొట్టంలోకి వచ్చింది. వెనక తలుపులోంచి రేగుచెట్టు కోసం వెతికితే, వెనక గోడ కట్టేటప్పుడు తాత కొట్టేశాడని నాయిన చెప్పాడు. ఆమె తల ఊపింది. మొనదేలిన గూడు దగ్గరికి పోయి ఆగింది. నాయిన గబగబా వచ్చి అందులోంచి బీడీల కట్ట, అగ్గిపెట్టె తీసి జేబులో పెట్టుకున్నాడు. మా అమ్మ ఇక్కడ దీపం పెడుతుండె అని ఖాలా నాతో చెప్పింది. గూట్లో చెయ్యి పెట్టి కొంతసేపు అట్లాగే నిలబడింది. చెయ్యి తీసినప్పుడు వేళ్లకు నూలు దుమ్ము అంటుకుని ఉంది. ఆమె దాన్ని తుడుచుకోలేదు.

మర్నాడు అవ్వ మారిపోయి మంచి మనిషైందని చెబితే అది కథ అవుతుంది. ఆమె ఖాలాకు క్షమాపణ చెప్పలేదు, ఇంట్లో కూడా ఆ మాట మళ్లీ ఎత్తలేదు. కాని దుకాణానికి ఎదురు కనిపించే బోరింగు దగ్గర జనం నిండిన వేళ చూసుకుని నన్ను వెంటబెట్టుకుని దుకాణానికి పోయింది. సేమియాలు తూచమంది. చూర బిస్కెట్ల సంచి మూతి విప్పమంది. అందులో ఒక ముక్క తీసి, అందరూ చూస్తుండగా అక్కడే నిలబడి నమిలింది. బజారులో పచ్చి మంచినీళ్లు కూడా తాగని మనిషి. ఆడవాళ్లు బిందెలు పట్టుకుని అట్లాగే చూశారు. ఆ వారం నుంచి ఖాలా మళ్లీ పట్నం బస్సు ఎక్కింది.

జొన్నలు ఇంటికి వచ్చే రోజుల్లో అవ్వ తనే చేటతో చెరిగి, రాళ్లు ఏరి, అరబస్తా జొన్నలు పక్కన పెట్టింది. నాయిన భుజానికి ఎత్తుకున్నాడు. అవ్వా, నేనూ వెంట పోయాం. ఖాలా గల్లా వెనక నుంచి లేచి బస్తాను చూసింది, మూతి కట్టిన పురికొసను వేలితో తాకింది. తీసుకోలేదు.

"వద్దు పెద్దమ్మా. ఇది దీస్కుంటే ఇంటి బేరం పూరాగ తెగిపోతది. ఉండనీ. సగం నాదున్నదనుకోని అప్పుడప్పుడొచ్చి జరసేపు కూసోని పోత."

బస్తా మళ్లీ నాయిన భుజమెక్కి ఇంటికి వచ్చింది. దారి పొడుగునా అవ్వ గొణుగుతూనే ఉంది. సగం తనదంటాంది విన్నవా, గీ మాటకు అర్థమేంది అని నాయినను నిలదీసింది. కూర్చుని పోతానంటోంది, కూర్చోనివ్వమన్నాడు నాయిన. అవ్వకు ఆ జవాబు సరిపోలేదు. మరునాడు, పుచ్చు ఉందని వాపసు ఇచ్చిందేమోనని అనుమానపడి, ఆ జొన్నలను నీళ్లలో కూడా వేసి చూసింది. పుచ్చు లేదు.

దుకాణం ఇంకొన్నేళ్లు నడిచింది. తర్వాత రోడ్డు వెడల్పు చేస్తామని ములిగీలన్నీ కొట్టేశారు. ఖాలా పట్నం పోయి తమ్ముడి దగ్గర ఉంటోందన్నారు. అయినా ఏటా రంజాన్ పండుగ అయిన వారానికి స్టీలు డబ్బాతో బస్సు దిగేది. డబ్బా అమ్మ చేతికిచ్చి, సీదా కొట్టంలోకి పోయి, తాత మగ్గం మీది నూలు పక్కకు జరిపి కూర్చునేది. పెద్దగా మాట్లాడేది కాదు. నాయిన నేస్తూ ఉండేవాడు. అవ్వ తలుపు దగ్గర పీట వేసుకుని, ఆమె కూర్చున్నంతసేపూ ఆమెనే చూస్తూ ఉండేది. ఏమన్నా తీసుకుపోతుందేమోనని కాపలా కాస్తోందని మేం నవ్వుకునేవాళ్లం. నిజంగా కాపలానేనేమో, నాకిప్పటికీ తెలియదు. ఖాలా లేచాక ఇద్దరూ షీర్ ఖుర్మా తాగేవాళ్లు. అవ్వ మొదట వాసన చూసేది. ఖాలా అది చూసి తల తిప్పుకుని నవ్వేది.

నా పెళ్లి కుదిరిన ఏడు ఆమె రాలేదు. పండుగ పోయి వారం గడిచింది, రెండు వారాలు గడిచాయి. అవ్వకు అప్పటికి చూపు మందగించింది. పట్నం బస్సు ఆగిన చప్పుడు వినబడితే చాలు, ఎవరు దిగారని నన్నడిగేది. ఒక పొద్దున నాయినను పిలిచి పట్నం పోయి చూసి రమ్మంది. నాయిన అంగీ వేసుకుని, చెప్పులు తొడుక్కుని, వాకిట్లోకి వచ్చాక ఆగాడు.

"ఏడికని పోవాల్నే అమ్మా? పట్నంల వాళ్ల ఇల్లేడ?"

అవ్వ అమ్మ వైపు చూసింది. అమ్మ నా వైపు చూసింది. ఏ గల్లీయో, ఏ బస్తీయో, ఆ తమ్ముడి పేరేమిటో మాలో ఒక్కరికీ తెలియదు. అన్నేళ్లలో మేం ఎవరమూ అడగలేదు. నాయిన చెప్పులు విడిచి మగ్గంలోకి దిగాడు. అవ్వ పీట జరుపుకుని, రోడ్డు కనిపించే దిక్కు ముఖం పెట్టి కూర్చుంది.